స్లింగా, ప్రామా? పసిబిడ్డని బయటికి తీసుకెళ్లడం మీద స్టూడియో చర్చ, పూర్తి పాఠం

బైక్ నడుపుతున్న నాన్న, ఛాతీకి కట్టిన స్లింగ్‌లో (బిడ్డని ఒంటికి కట్టుకునే గుడ్డలో) నెల కూడా నిండినట్టు లేని బిడ్డ. ఈ వారమంతా ఫోన్లలో తిరిగిన ఆ రీల్ మీద జరిగిన చర్చ ఇది. మాటలు ఎలా వచ్చాయో అలాగే రాశాం, ఒకేసారి ఇద్దరు ముగ్గురు మాట్లాడినచోట వినపడినంతవరకే ఇచ్చాం. డాక్టర్ గారి మాట చాలాచోట్ల మధ్యలోనే తెగిపోయింది, ఇంట్లో చంటిబిడ్డ ఉన్నవాళ్లు ఆ ముక్కల దగ్గర కాస్త ఆగి చదవండి. మాట్లాడినవాళ్లు: విజయవాడ నుంచి పిల్లల డాక్టర్, హైదరాబాద్‌లో స్లింగ్ కట్టడం నేర్పే ట్రైనర్, భద్రాచలం వైపు పనిచేసి రిటైరైన ఏఎన్ఎం (ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సు), న్యూజెర్సీ నుంచి వీడియోలో ఒక తండ్రి.

యాంకర్: నమస్కారం. రీల్ మీరందరూ చూసే ఉంటారు. కింద కామెంట్లలో ఎంత ముద్దుగా ఉన్నారో అనేవాళ్లు కొందరు, వీడికి బుద్ధుందా అని తిట్టేవాళ్లు కొందరు. దాంతో అసలు పుట్టిన బిడ్డకి స్లింగ్ కొనాలా, ప్రామ్, అదే పడుకోబెట్టి తోసుకెళ్లే బండి, కొనాలా అనే గొడవ మొదలైంది. నా ప్రశ్న ఒక్కటే. మన అమ్మమ్మలు ఇవేవీ లేకుండానే ఇంటినిండా పిల్లల్ని పెంచారు కదా, ఇప్పుడు వేలకి వేలు పోయడం మనకి అవసరమా? ముందు మీరు చెప్పండి మేడమ్.

ట్రైనర్: థాంక్యూ అండీ. అసలు ఆ రీల్ చూసి స్లింగ్‌ని తిట్టడమే తప్పు. బిడ్డకి తల్లి గుండె చప్పుడు కావాలి, ఒంటి వేడి కావాలి, తొమ్మిది నెలలు లోపల ఉండి వచ్చిన బిడ్డని తీసుకెళ్లి ఓ బండిలో పడుకోబెట్టి తోసుకుంటూ పోతే వాడికి ఎలా ఉంటుంది చెప్పండి, పైగా మన రోడ్లమీద, కూకట్‌పల్లిలో ఏ ఫుట్‌పాత్ మీదైనా ప్రామ్ తోయగలరా, ఒకచోట కరెంటు స్తంభం, ఒకచోట పానీపూరీ బండి, ఇంకోచోట రాయి లేచిపోయి గుంత, కాబట్టి ఈ చర్చే అవసరం లేదు, స్లింగే.

డాక్టర్: ముందు ఆ బండి సంగతి తేల్చేద్దామండీ. టూవీలర్ మీద స్లింగ్...

ట్రైనర్: అది తప్పని నేనూ అంటున్నా సార్, ఎవరూ సమర్థించట్లేదు.

డాక్టర్: మీరు అనట్లేదు, కామెంట్లలో అంటున్నారు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చేలా. నాలుగేళ్లలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే సేఫ్టీ హార్నెస్, అంటే బిడ్డని నడిపేవాళ్లకి పట్టి ఉంచే బెల్టు, ఉండాలి, తొమ్మిది నెలలు దాటినవాళ్లకి హెల్మెట్ ఉండాలి, స్పీడు 40 దాటకూడదు. స్లింగ్ ఆ హార్నెస్ కాదు. నెల బిడ్డకి పెట్టే హెల్మెట్ లేదు, పెట్టినా ఆ బరువు మెడ మోయదు. సడన్‌గా బ్రేక్ వేస్తే పెద్దాయన ఛాతీకీ హ్యాండిల్‌కీ మధ్య బిడ్డ నలిగిపోతుంది. చంటిబిడ్డని టూవీలర్ ఎక్కించకూడదు, అంతే.

యాంకర్: కానీ డాక్టర్ గారూ, పాతరోజుల్లో బజాజ్ స్కూటర్ మీద ఒళ్లో పెట్టుకుని...

డాక్టర్: తీసుకెళ్లారు. దెబ్బలు తగిలిన పిల్లలూ ఉన్నారు, వాళ్ల గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు కాబట్టి మనకి వినపడదు.

న్యూజెర్సీ తండ్రి: హలో, నేను ఒక్కమాట చెప్పొచ్చా? మాకిక్కడ కార్‌సీట్ బిగించకుండా హాస్పిటల్ నుంచి బిడ్డని కార్లో ఇంటికి తీసుకెళ్లలేం. అందుకే మేం సీటూ, స్ట్రోలరూ, అంటే తోసే బండీ, కలిపి వచ్చే సెట్ కొన్నాం. మా ఆవిడకి సిజేరియన్, వంగలేదు, లేవలేదు, బిడ్డని ఒంటికి కట్టుకోవడమన్న మాటే లేదు. ప్రామ్‌లో బల్లపరుపుగా పడుకోబెట్టి...

ట్రైనర్: సిజేరియనైతే నాన్న కట్టుకోవచ్చు కదండీ! ఆ రీల్‌లో నాకు నచ్చింది అదే, బండి తీసేస్తే, నాన్న ఎత్తుకోవడం.

న్యూజెర్సీ తండ్రి: నేను ఎత్తుకుంటానండీ, ఎత్తుకోనని కాదు, కానీ...

(వీడియో ఆగిపోయింది)

యాంకర్: లైన్ మళ్లీ కలుపుతారు. అమ్మా, మీరు చెప్పండి. మన గూడేల్లో ఆడవాళ్లు గుడ్డతో కట్టుకుని పొలానికి వెళ్లేవాళ్లు కదా? అంటే ఈ స్లింగ్ మనదేగా, విదేశాలవాళ్లు మనకే తిరిగి అమ్ముతున్నారు, అంతేనా?

ఏఎన్ఎం: కట్టుకుంటరు బిడ్డా, నేను కండ్లార సూసిన. గని మీరనుకున్నట్టు గాదు. నేను తిరిగిన గూడేలల్ల పురుడైనంక పసిగుడ్డును ఎంటనే కట్టుకొని పోయేటోళ్లు తక్కువ. ఇంట్ల ముసలమ్మ దగ్గర ఉంచుతరు, లేకుంటే చేను గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల కడతరు. మెడ నిలిచినంక సంకకో ఈపుకో ఎక్కిస్తరు. మెడ నిలవని పిల్లను ఎత్తుకున్నా ఒక చెయ్యి తలకాయ కిందనే ఉంటది. గా చెయ్యే పెద్ద సంగతి.

డాక్టర్: చాలా మంచి మాట చెప్పారమ్మా. నేను చెప్పాలనుకున్నదీ...

యాంకర్: అంటే మన సంప్రదాయంలో ఉంది, ఒప్పుకుంటున్నారు.

ఏఎన్ఎం: ఉన్నది, గని...

ట్రైనర్: ఉంది కదా! అదే చెప్తున్నా నేను. సైన్స్ కూడా అదే చెప్తోంది. కంగారూ మదర్ కేర్ ఎక్కడ మొదలైందో తెలుసా, 1978లో కొలంబియాలో, బొగోటా ఊళ్లో, ఎడ్గార్ రే అనే డాక్టర్, నెలలు నిండని బిడ్డల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరేసి బిడ్డల్ని పెడుతుంటే, తల్లి ఛాతీకే ఆనించి ఉంచండి అన్నాడు. ఈరోజు ప్రపంచమంతా చేస్తోంది. ఇంతకన్నా ఏం కావాలి?

డాక్టర్: అది నిజం. మా యూనిట్‌లో రోజూ చేయిస్తాం. 2021లో ఐదు దేశాల్లో చేసిన స్టడీ వచ్చింది, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా అందులో ఉంది. కిలో నుంచి కిలో ఎనిమిదొందల లోపు బరువున్న బిడ్డల్ని పుట్టిన వెంటనే తల్లికి ఆనించి ఉంచితే, 28 రోజుల్లో చనిపోయేవాళ్లు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గారు. మామూలు విషయం కాదు. కానీ మేడమ్, అది షాపింగ్ మాల్‌లో స్లింగ్ కట్టుకుని తిరగడం కాదు. తల్లి వెనక్కి ఒరిగి కూర్చునుంటుంది, బిడ్డ బట్టల్లేకుండా చర్మానికి చర్మం ఆని ఉంటుంది, పక్కన నర్సు ఉంటుంది. రెండూ ఒకటేనని చెప్పి అమ్మితే...

ట్రైనర్: నేను అమ్మట్లేదు సార్, నేర్పిస్తా! ఆ తేడా పెట్టుకోండి.

యాంకర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం...

(అందరూ ఒకేసారి)

ట్రైనర్: ఇంకో స్టడీ చెప్తా, 1986లో కెనడాలో, బిడ్డని రోజూ ఎక్కువసేపు ఎత్తుకున్న తల్లుల పిల్లలు ఆరు వారాల వయసులో 43 శాతం తక్కువ ఏడ్చారు. నలభై మూడు! ఏ ప్రామ్ చేస్తుందండీ ఆ పని?

డాక్టర్: ఆ స్టడీలో ఎత్తుకోవడం చేతుల్లోనైనా, ఒంటికి తగిలించుకునే క్యారియర్‌లోనైనా సరే అన్నారు. అదే టీమ్‌లో ఒకాయన 1991లో కోలిక్ ఉన్న పిల్లల మీద చూస్తే ఎక్కువ ఎత్తుకోవడం వల్ల తేడా రాలేదు. సాయంత్రం ఆరైతే చాలు గుక్కపట్టి ఏడ్చే పిల్లలుంటారే, వాళ్లు. స్లింగ్ కొంటే ఏడుపు ఆగిపోతుందని ఆశపెట్టకండి, ఆగకపోతే ఆ తల్లి తన తప్పే అనుకుంటుంది.

యాంకర్: సరే, ప్రామ్ వైపుకి వద్దాం. ఇది తెల్లదొరల అలవాటు కదా అసలు?

న్యూజెర్సీ తండ్రి: వచ్చానండీ, వినపడుతోందా? అలవాటు ఎవరిదైతే ఏంటి? 1733లో ఇంగ్లండ్‌లో ఒక డ్యూక్, అంటే పెద్ద జమీందారు లాంటాయన, తన పిల్లల కోసం ఇలాంటి బండి విలియం కెంట్ అనే ఆయనతో చేయించుకున్నాడట, మేకో పొట్టి గుర్రమో లాగేలా.

యాంకర్: మేక లాగేదా?

న్యూజెర్సీ తండ్రి: అవునట, అది డ్యూక్ గారి పిల్లల సంగతి. ఇప్పుడు మనం వాడే, మడతపెట్టే తోపుడు బండి, బగ్గీ అంటారే, అది 1965లో వచ్చింది, ఓవెన్ మెక్లారెన్ అని విమానాల ఇంజనీర్, రెండో ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానం చక్రాల మీద పనిచేసినాయన...

యాంకర్: ఆహా, అంటే విమానం టెక్నాలజీ! చక్రాలు లోపలికి మడిచినట్టు...

ట్రైనర్: మనం పిల్లల గురించి మాట్లాడుతున్నామా విమానాల గురించా? మీ స్పిట్‌ఫైర్‌ని అమీర్‌పేట మెట్రో దగ్గర తోసి చూపించండి. ముందు చక్రం ఫుట్‌పాత్ రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, హ్యాండిల్ పట్టుకుని లేపాలి, లేపితే బిడ్డ తల ఒక పక్కకి వాలుతుంది, వెనక బైక్‌వాడు ఫుట్‌పాత్ మీదే హారన్ కొడుతుంటాడు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ర్యాంప్ ఉంటుందా, ఉంటే అది కార్లకి, అంత వాలుగా ఉంటే ప్రామ్ మీ చేతిలోంచి జారిపోతుంది.

న్యూజెర్సీ తండ్రి: నిజమే, ఇండియా వచ్చినప్పుడు మాక్కూడా కష్టమే అయింది, ఎయిర్‌పోర్టులో తప్ప ఎక్కడా...

ట్రైనర్: చూశారా, ఆయనే ఒప్పుకున్నారు!

డాక్టర్: నేను ఒక్కటి చూపించొచ్చా? ఆ బొమ్మ ఇటివ్వండి మేడమ్. (బొమ్మకి కట్టిన స్లింగ్ చూపిస్తూ) ఇది చూడండి. గుడ్డ వదులుగా ఉంది, బొమ్మ కిందికి జారింది, నడుము గుండ్రంగా వంగి గడ్డం వచ్చి ఛాతీకి ఆనింది. మూడు నాలుగు నెలల్లోపు బిడ్డకి మెడ నిలవదు, తల బరువు. గడ్డం ఇలా ఆనితే గాలి పోయే దారి మడతపడుతుంది. బిడ్డ ఏడవదు, తన్నుకోదు, తల్లి నిద్రపోయిందనుకుంటుంది. 2010 మార్చిలో వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ సీపీఎస్సీ ఇదే హెచ్చరిక ఇచ్చింది, అంతకుముందు ఇరవై ఏళ్లలో స్లింగ్‌లలో కనీసం 14 మంది పిల్లలు చనిపోయారని, అందులో 12 మంది నాలుగు నెలల్లోపువాళ్లే.

ట్రైనర్: అది సంచీలాంటి స్లింగ్‌ల గురించి! నేను నేర్పేది అలా కాదు. ఇటివ్వండి. (బొమ్మ తీసుకుని) గుడ్డని పట్టి ఉంచే ఈ రింగ్ దగ్గర గుడ్డ మొత్తం ఒకేసారి లాగకూడదు, అంచుల వారీగా లాగాలి. పై అంచు లాగితే మెడ దగ్గర బిగుస్తుంది, కింది అంచు లాగితే పిరుదుల కింద. చూడండి, నిటారుగా ఉంది, మోకాళ్లు పిరుదుల కన్నా కాస్త పైకి, కాళ్లు కప్పలా విడిగా, తుంటి కీలుకి మంచిది. తల నేను వంగితే ముద్దుపెట్టుకునేంత ఎత్తులో ఉంది. ముఖం కనపడుతోంది, గడ్డం కింద నా రెండు వేళ్లు దూరుతున్నాయి. ఇదీ పద్ధతి.

డాక్టర్: ఇప్పుడు సరిగ్గా ఉంది. నేను అడిగేది ఇదే, కొన్నవాళ్లలో ఎంతమందికి ఇది ఎవరైనా దగ్గరుండి చూపిస్తున్నారు?

ట్రైనర్: అందుకే నేనున్నాను కదా సార్! ప్రామ్ కొన్నవాళ్లకి ఎవరు చూపిస్తున్నారు? కూర్చోబెట్టే స్ట్రోలర్‌లో నెల బిడ్డని పెట్టి బెల్టు కడుతున్నారు, అప్పుడు గడ్డం ఆనదా?

డాక్టర్: ఆనుతుంది. అదీ తప్పే. పూర్తిగా వెనక్కి వాలి బల్లపరుపుగా అయ్యేదే ఆ వయసుకి పనికొస్తుంది. కార్‌సీట్ కూడా కారులో ప్రయాణానికే, ఇంటికొచ్చాక అందులోనే గంటలు గంటలు నిద్రపుచ్చకూడదు. స్లింగ్‌లోనూ అంతే...

యాంకర్: అంటే డాక్టర్ గారూ, అమ్మ ఒళ్లే బెస్ట్ అంటారు.

డాక్టర్: నేనలా అనలేదండీ, నేను చెప్పేది...

ఏఎన్ఎం: ఎండ ముచ్చట జెప్పుండ్రి సారు. మే నెలల గుడ్డల జుట్టి ఎత్తుకొని తిరిగితే తల్లికీ చెమటే, పిల్లకీ చెమటే. ఒళ్లు పొక్కుతది.

డాక్టర్: అవునమ్మా. విజయవాడ ఎండలో పదకొండు దాటాక ఆ వయసు బిడ్డకి బయట పనే లేదు. ప్రామ్ మీద పల్చని చున్నీ కప్పితే చల్లగా ఉంటుందనుకుంటారు, గాలి ఆడక లోపల వేడి ఇంకా పెరుగుతుంది. కప్పకండి. స్లింగ్ అయితే బిడ్డకి ఒక్క పల్చటి చొక్కా చాలు, గుడ్డ కూడా ఒక పొర కిందే లెక్క. మెడ వెనక చెయ్యిపెట్టి చూస్తుండాలి, తడిగా వేడిగా ఉంటే తీసేయాలి. ఇంకా సిజేరియన్ విషయం ఆయన లేవనెత్తారు, అది వదిలేశాం. 2019-21లో కేంద్రం చేసిన కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం పైన సిజేరియన్లే. కుట్లమీద బెల్టు పడే క్యారియర్...

ట్రైనర్: రింగ్ స్లింగ్‌కి నడుం బెల్టే ఉండదు సార్. పైగా రేటు చూడండి, మంచి ప్రామ్ పదివేలు దాటుతోంది, ఆరునెలలు వాడి బాల్కనీలో బట్టలు ఆరేసుకుంటున్నారు. స్లింగ్ రెండుమూడు వేలల్లో వస్తుంది, బ్యాగులో పడుతుంది, మెట్లెక్కొచ్చు, బస్సెక్కొచ్చు, గుళ్లోకి వెళ్లొచ్చు. మన ఊళ్లకి స్లింగే, ఇందులో రెండో మాట లేదు.

న్యూజెర్సీ తండ్రి: నడుము నొప్పి ఉన్నవాళ్లు, కవల పిల్లలు ఉన్నవాళ్లు ఏం చేయాలండీ? అందరికీ ఒకటే ఎలా...

ట్రైనర్: కవలలకి కూడా కట్టొచ్చు, నేను నేర్పించాను. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా...

డాక్టర్: లేదు లేదు, అక్కడ ఆగండి. నెలలు నిండని బిడ్డకి, బరువు తక్కువ బిడ్డకి, శ్వాస ఇబ్బంది ఉన్న బిడ్డకి మీ డాక్టర్‌ని అడగకుండా స్లింగ్ కట్టకండి. ఇది మాత్రం పూర్తిగా చెప్పనివ్వండి. ఆ బిడ్డలకి...

యాంకర్: టైమ్ అయిపోతోంది సార్, క్షమించాలి. మొత్తానికి మన పెద్దవాళ్లు చేసిందే కరెక్ట్ అన్నట్టుగానే ఉంది, అమ్మా?

ఏఎన్ఎం: పెద్దోళ్లు జేసినయన్నీ కరెక్ట్ అని నేననలే బిడ్డా. మెడ నిలిచేదాక చెయ్యి తియ్యకుండ్రి అన్న.

ట్రైనర్: సరిగ్గా కట్టిన స్లింగే ఆ చెయ్యండీ!

డాక్టర్: కాదు మేడమ్, గుడ్డ చూడదు, మనమే చూస్తుండాలి. రెండు మూడు నిమిషాలకోసారి ముఖం...

యాంకర్: చిన్న బ్రేక్ తర్వాత వాతావరణం. ట్రైనర్ మేడమ్ కట్టి చూపించిన వీడియో మళ్లీ వేస్తాం, చూడండి.