సంక్రాంతికి మంచు, దసరాకు ఆకాశం: మనాలి లోయలో ఏడాది పొడవునా

[దృశ్యం: శంషాబాద్ విమానాశ్రయం. స్వెటర్లు చేతికి వేసుకుని వరుసలో నిలబడ్డ కుటుంబాలు.]

నమస్కారం. హైదరాబాద్‌లో ఎండ నలభై డిగ్రీలు దాటగానే చాలా ఇళ్లలో మొదట వినిపించే పేరు మనాలి. పిల్లల పరీక్షలు అయిపోగానే ఢిల్లీ దాకా విమానంలో, అక్కడి నుంచి రాత్రంతా బస్సులో ప్రయాణించి, మే నెలలో అందరూ ఒకేసారి ఆ లోయకు చేరుకుంటారు. మంచులో ఆడుకోవడం, స్కీయింగ్, పారాగ్లైడింగ్, రాఫ్టింగ్ అన్నీ నాలుగు రోజుల్లో అయిపోవాలని ఆశిస్తారు. నిజానికి ఆ కొండల్లో ఏడాది పొడవునా ఏదో ఒకటి చేయవచ్చు కానీ, ఒక్కో పనికి ఒక్కో కాలం ఉంది. ఆ కాలాలు మన సంక్రాంతి, వేసవి, దసరా సెలవులకు చక్కగా సరిపోతాయి. కాబట్టి ముందు ఏం చేయాలనుకుంటున్నారో తేల్చుకుని, ఆ తరువాతే తేదీ చూసుకోవాలని ఈ వీడియోలో వివరిస్తాను.

[దృశ్యం: లోయ పటం. ఎత్తులు ఒక్కొక్కటిగా కనిపించాలి.]

మొదట ఎత్తుల సంగతి చూద్దాం. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. బియాస్ నది ఒడ్డున ఉన్న మనాలి పట్టణం సుమారు 2,050 మీటర్ల ఎత్తున, దానికి పైన ఉన్న సోలంగ్ లోయ సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మనాలి నుంచి 51 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోహ్తంగ్ కనుమ ఎత్తు 3,978 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం మనాలి బజారులో మామూలు చొక్కాతో తిరుగుతున్నప్పుడే, రోహ్తంగ్ దారిలో రోడ్డుకు ఇరువైపులా మంచు గోడలు నిలబడి ఉంటాయి.

ఆ కనుమకు ఉత్తరాన ఉన్న లాహౌల్ వాతావరణం వేరు. వర్షాకాలపు మేఘాలను దక్షిణపు కొండలే చాలావరకు ఆపేస్తాయి కాబట్టి అక్కడ వాన చాలా తక్కువ. ఒకప్పుడు శీతకాలంలో రోహ్తంగ్ మూతపడితే లాహౌల్ ప్రజలకు నెలల తరబడి బయటి ప్రపంచంతో రోడ్డు సంబంధం ఉండేది కాదు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ఆ పరిస్థితిని మార్చింది. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారి 46 కిలోమీటర్లు తగ్గింది. పర్యాటకులు కూడా ఇప్పుడు, భారీ హిమపాతం కురిసిన రోజుల్లో తప్ప, చలికాలంలోనూ సిస్సు గ్రామం వరకు వెళ్లగలుగుతున్నారు.

[దృశ్యం: సోలంగ్ వాలు. స్కీలు కట్టుకుంటున్న యువతి.]

ఇక మంచు గురించి. పశ్చిమ హిమాలయాల్లో శీతకాలపు మంచు ఎక్కువగా, మధ్యధరా ప్రాంతం వైపు నుంచి తేమను మోసుకుంటూ వచ్చే వాతావరణ అలజడుల వల్ల కురుస్తుంది. డిసెంబరు చివరి వారంలో మనాలి కిటకిటలాడుతుంది కానీ, అప్పటికి మంచు పడకపోవచ్చు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అవకాశం ఎక్కువ. కొత్త సంవత్సరం వేడుకలకు కాకుండా నిజంగా మంచు కోసమే వెళ్లేవారు సంక్రాంతి సెలవులను ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. అయినా ప్రకృతి ముందుగా మాట ఇవ్వదన్న విషయం పిల్లలకు బయలుదేరేముందే చెప్పి ఉంచండి.

చాలామంది స్కీలు గంటసేపు అద్దెకు తీసుకుని, ఫొటో దిగి తిరిగి ఇచ్చేస్తారు. అంత దూరం వెళ్లినవారు కనీసం రెండు మూడు పూటలు శిక్షకుడి దగ్గర నేర్చుకుంటే, ఆ విద్య జీవితాంతం ఉపయోగపడుతుంది. మొదటి పాఠం నిలబడటమే. స్కీల ముక్కులు వాలు వైపు ఉంటే మనకు తెలియకుండానే జారిపోతాం కాబట్టి, వాటిని వాలుకు అడ్డంగా పెట్టి, కొండ వైపు అంచును మంచులోకి నొక్కి నిలబడాలి. పైకి ఎక్కేటప్పుడు కూడా అలాగే, పక్కకు ఒక్కో అడుగు వేస్తూ ఎక్కాలి. రెండో పాఠం ఆగడం. ముందు ముక్కులు దగ్గరకు, వెనుక మడమలు దూరంగా జరిపి, మోకాళ్లు కొద్దిగా వంచి, లోపలి అంచులను నొక్కితే వేగం తగ్గుతుంది. భయంతో వెనక్కి వాలితే స్కీలు ఇంకా వేగంగా ముందుకు పోతాయి. పడక తప్పదనిపిస్తే పక్కకు పడటం మంచిది. ఇవన్నీ క్రమపద్ధతిలో నేర్చుకోవాలనుకునేవారికి, 1961లో మొదలై ఇప్పుడు అటల్ బిహారీ వాజ్‌పేయి పేరుతో నడుస్తున్న పర్వతారోహణ సంస్థ మనాలిలోనే ఉంది. అది శీతకాలంలో స్కీయింగ్ కోర్సులను, మిగతా కాలాల్లో పర్వతారోహణ కోర్సులను నిర్వహిస్తుంది.

కొత్త మంచు బాగా పడిన మరునాడు గుంపులకు దూరంగా, నిర్జనమైన వాలు మీదికి వెళ్లకండి. హిమసంపాతాలు, అంటే వాలు మీది నుంచి ఒక్కసారిగా జారిపడే మంచు రాశులు, ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే విరుచుకుపడతాయి, చూసేవారికి ఆటకు అనువుగా కనిపించేవి కూడా అవే.

[దృశ్యం: బియాస్ నది, ఎగువన కరుగుతున్న మంచు.]

వేసవిలో మంచు పైకి జరుగుతుంది, నది బలం పుంజుకుంటుంది. మనాలికి దిగువన ఉన్న కుల్లు పట్టణం దగ్గర పిర్డీ నుంచి ఝిరి వరకు ఉన్న 14 కిలోమీటర్ల రాఫ్టింగ్ మార్గం మొదటిసారి వెళ్లేవారికి బాగా పరిచితమైనది. ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. పగటి ఎండకు పైన కరిగిన మంచు కిందికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, వేసవిలో ఇలాంటి నదుల్లో ఉదయం కంటే సాయంత్రం ప్రవాహం ఎక్కువగా ఉంటుంది. పిల్లలతో వెళ్లేవారు ఉదయమే పడవ ఎక్కడం మంచిది. లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవారిని అడగండి. అది గడ్డం దాటి పైకి వచ్చేస్తే వదులుగా ఉన్నట్టే.

బియాస్ గురించి మాట్లాడేటప్పుడు హైదరాబాద్ వాసులు 2014 జూన్ 8ని మరచిపోలేరు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి వారమైనా గడవకముందే, ఇక్కడి నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు మండీ జిల్లాలో ఆ నదిలో కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. వారు ఏ సాహసక్రీడలోనూ లేరు, నదిలోని బండరాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీరు విడుదల కావడంతో ప్రవాహం క్షణాల్లో పెరిగింది. ఆనకట్టకు దిగువన ఉన్న నదిలో, ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా, నీటిమట్టం ఎప్పుడైనా పెరగవచ్చు. నీళ్లు తక్కువగా, రాళ్లు పొడిగా కనిపించడం అక్కడ భద్రతకు గుర్తు కాదు. ఫొటోలు ఒడ్డు మీది నుంచే తీసుకోండి, పిల్లలను నదీగర్భంలోకి దిగనివ్వకండి. ఈ ఒక్క మాట కోసమే ఈ వీడియో చేసినా సార్థకమేనని నేను అనుకుంటున్నాను.

[దృశ్యం: వానలో లోయ రహదారి.]

జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు హిమాచల్ ప్రభుత్వం ఏటా రాఫ్టింగ్, పారాగ్లైడింగ్ రెండింటినీ నిలిపివేస్తుంది. ఆ రోజుల్లో ఎవరైనా తక్కువ ధరకు తీసుకువెళతామంటే ఒప్పుకోకండి. 2023 జూలైలో బియాస్‌కు వచ్చిన వరద కుల్లు, మనాలి మధ్య రహదారిని అనేక చోట్ల కోసుకుపోయింది. ఈ కాలంలో ఆ ప్రాంతానికి వెళ్లి తీరాలనుకునే ట్రెక్కింగ్ ప్రియులకు హంప్టా కనుమ ఉంది. సుమారు 4,270 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కనుమకు ఒకవైపు కుల్లు లోయ పచ్చికబయళ్లు, పూలు, దేవదారు వనాలు ఉంటే, దాటి దిగగానే లాహౌల్‌లోని ఎండిన, గోధుమరంగు రాతికొండలు ఎదురవుతాయి. వానలను కొండలు ఎలా ఆపుతాయో బడిలో చదువుకున్న పాఠం అక్కడ ఒక్కరోజు నడకలో కళ్లకు కడుతుంది. దారిలో వాగులు దాటాలి, వాన పెరిగితే అవి పొంగుతాయి కాబట్టి అనుభవమున్న స్థానిక గైడ్ లేకుండా వెళ్లకూడదు.

[దృశ్యం: బీర్ బిల్లింగ్ వాలు. పరిచిన పారాగ్లైడర్.]

అన్ని కాలాల్లోకీ నాకు ఇష్టమైనది దసరా కాలం. వానలు వెనుదిరిగాక గాలి నిర్మలంగా ఉంటుంది, మంచుశిఖరాలు దూరం నుంచే స్పష్టంగా కనిపిస్తాయి, హోటళ్లలో మే నెల రద్దీ ఉండదు. మన దగ్గర విజయదశమితో పండుగ ముగిస్తే, కుల్లులో దసరా ఆ రోజే మొదలై ఏడు రోజులు సాగుతుంది. కాంగ్రా జిల్లాలోని బీర్ బిల్లింగ్‌లో 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ జరిగింది కూడా అక్టోబరులోనే. సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న బిల్లింగ్ నుంచి ఎగిరి, దాదాపు వెయ్యి మీటర్ల దిగువన ఉన్న బీర్‌లో దిగుతారు. ఎండకు వేడెక్కిన వాలుల మీది నుంచి పైకి లేచే గాలే పారాగ్లైడర్‌ను ఎత్తులో నిలుపుతుంది.

మొదటిసారి ఎగిరేవారు పైలట్‌తో కలిసి, అతని ముందు ఉంటారు. తొడల పట్టీలు, ఛాతీ పట్టీ, హెల్మెట్ బిగించారో లేదో మీరు కూడా చేత్తో తడిమి చూసుకోండి. పైలట్ లైసెన్సు, అత్యవసర పారాచూట్ ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకండి. పరుగెత్తమన్నప్పుడు, కాళ్లు నేలను వదిలేదాకా పరుగెత్తుతూనే ఉండాలి. చాలామంది రెండు అడుగులు వేయగానే కూర్చుండిపోతారు, దానివల్ల ఇద్దరూ వాలు మీద పడే ప్రమాదం ఉంది.

[దృశ్యం: భువనగిరి కోట బండ.]

ఇలాంటి కొండ ప్రయాణాలకు కావలసిన దేహదారుఢ్యాన్ని మన ఊళ్లోనే పెంచుకోవచ్చు. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ తీసుకున్నది హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి బండ మీదే. ట్రెక్‌కు రెండు నెలల ముందు నుంచి, వీపున నాలుగైదు కిలోల సంచితో వారానికి కొన్నిసార్లు గోల్కొండ మెట్లు ఎక్కి దిగితే, కొండదారిలో దిగేటప్పుడు మోకాళ్లు మొరాయించవు.

అయితే ఎంత దృఢమైన శరీరానికైనా ఎత్తుకు అలవాటు పడటానికి సమయం కావాలి. రోహ్తంగ్ ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకు కూడా చేరదు. మూడు వేల మీటర్లు దాటాక, నిద్రించే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోవాలి. తలనొప్పితో పాటు వికారం, వాంతులు, అడుగులు తడబడటం కనిపిస్తే, మాత్ర వేసుకుని పైకి వెళ్లకుండా వెంటనే కిందికి దిగాలి.

చివరిగా ప్రయాణ ఏర్పాట్లు. రోహ్తంగ్‌కు రోజుకు 1,200 పర్యాటక వాహనాలను మాత్రమే అనుమతిస్తారు, వాటిలో 800 పెట్రోలువి, 400 డీజిలువి. పర్మిట్ ముందుగానే తీసుకోవాలి, మంగళవారం పర్యాటకులకు ప్రవేశం ఉండదు. మంచు కాలంలోనైనా వానకాలంలోనైనా కొండదారి ఒక పూట మూతపడటం అక్కడ మామూలే కాబట్టి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తిరుగు విమానాన్ని బస్సు దిగిన రోజుకే కాకుండా మరుసటి రోజుకు తీసుకోండి.