బీరువాలోని వీలునామాను ఒకసారి బయటికి తీయండి

పెద్దలకు, సోదరీసోదరులకు నమస్కారం.

వీలునామా ఎలా రాయాలో చెప్పమని సంఘం వారు నన్ను పిలిచారు. మీలో చాలామంది ఎప్పుడో రాసేసి ఉంటారు కాబట్టి, రాసిన తర్వాతి సంగతి మాట్లాడతాను. ఇంటికి వెళ్లాక ఆ కాగితాలు తీసి నిదానంగా చదవండి. అందులో ఉన్న ఆస్తి, అందులో ఉన్న మనుషులు ఇవాళ కూడా అలాగే ఉన్నారా?

ముందు ఆస్తి. “తూర్పు వాకిలి పెంకుటిల్లు నా చిన్న కుమారునికి” అని రాసి, కింద షెడ్యూలులో నాలుగు హద్దులూ వేసి ఉంటుంది. తర్వాత ఆ ఇల్లు అమ్మి, డబ్బు బ్యాంకులో వేసుకున్నారు. ఇంటికి బదులు ఆ డబ్బు చిన్నవాడికి వస్తుందని అనుకుంటారు. రాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 152వ సెక్షన్ ప్రకారం, ఫలానాదని గుర్తుపెట్టి రాసిన ఆస్తి మీరు పోయేనాటికి మీది కాకపోతే ఆ రాతకు విలువ పోతుంది. అమ్మకుండా బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చారనుకోండి, చిక్కు ఇంకా పెద్దది. పెంకుటిల్లు నేలమట్టమైంది, మీ వాటాకు మూడు ఫ్లాట్లు వచ్చాయి. అవి మూడూ చిన్నవాడివా, అందరివా? తోడబుట్టినవాళ్లు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు. బిల్డరుతో ఒప్పందం రాసుకున్న వారంలోనే వీలునామా కూడా మార్చి రాయండి. “పైన చెప్పని ఆస్తులు, ఇకముందు నాకు వచ్చేవి ఫలానా వారికి చెందాలి” అన్న వాక్యం ఒకటి తప్పక చేర్చండి. పాత వీలునామాల్లో తరచుగా లోపించేది అదే.

ఇక మనుషులు. పెళ్లి చేసుకుంటే క్రైస్తవుల, పార్సీల పాత వీలునామా రద్దవుతుంది. హిందువులది రద్దు కాదు. పెళ్లికి ముందు సర్వం తన అన్నగారి పేర రాసిన హిందువు దాన్ని మార్చకుండా పోతే, స్వార్జితమంతా అన్నకే వెళుతుంది. భార్య భరణం కోసం పోరాడాలి. విడాకులతో కూడా ఏదీ దానంతట అది మారదు. తమ్ముడికి రాస్తే, అతను మీకన్నా ముందే కాలం చేస్తే, వేరే ఏర్పాటు రాయకపోతే అది అతని పిల్లలకు చేరదు.

సాక్షుల గురించి ఎవరూ ఆలోచించరు, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రేపు కోర్టులో దాన్ని రుజువు చేయాలంటే, బతికి ఉండి రాగల స్థితిలో ఉన్న సాక్షి ఒక్కరైనా వచ్చి చెప్పాలి. రిజిస్టరు చేసిన వీలునామాకు కూడా ఈ నియమం తప్పదు. మనం మాత్రం ఆఫీసులో మనకన్నా సీనియరు చేత, వాకింగులో కలిసే పెద్దాయన చేత సంతకం పెట్టిస్తాం. ఇద్దరూ వెళ్లిపోతే, వారి చేతిరాత గుర్తుపట్టేవారి కోసం మీ పిల్లలు వెతుక్కోవాలి. మీకన్నా చిన్నవారిని, ఊళ్లో ఉండేవారిని, ఆస్తిలో ఏమీ రానివారిని ఎంచుకోండి.

మార్పు అనగానే పెన్ను తీయకండి. కోడలి పేరు కొట్టేసి, పైన మనవరాలి పేరు రాసి, పక్కన పొట్టి సంతకం చేసిన కాగితాలు నేను చూశాను. సాక్షుల సంతకాలు లేకపోతే ఆ దిద్దుబాటు చెల్లదు, కోడలి పేరే నిలుస్తుంది. చిన్న మార్పుకు అనుబంధ వీలునామా చాలు, దానికి కూడా ఇద్దరు సాక్షులు కావాలి. పెద్ద మార్పయితే కొత్తది రాసి, పాతది రద్దు చేస్తున్నానని తేదీతో సహా చెప్పండి. రిజిస్టరైన పాతదాన్ని రిజిస్టరు కాని కొత్తది కూడా రద్దు చేయగలదు. అయినా కొత్తదాన్ని కూడా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించండి, అనుమానాలు తగ్గుతాయి. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో పిల్లలున్నవారికి ఒక మాట. అక్కడ స్థిరపడి వీలునామా రాసేవారి చేత “ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు” అన్న వాక్యం కింద సంతకం చేయించుకోవడం మామూలు. ఇక్కడి పొలానికి, ఇంటికి వారు ముందే రాసుకున్న వీలునామా ఆ ఒక్క వాక్యంతో పోవచ్చు. ఇక్కడి ఆస్తికి ఇది వర్తించదని అందులో స్పష్టంగా రాయించమని ఇవాళే పిల్లలకు ఫోను చేసి చెప్పండి.

మీలో కొందరు నకళ్లు వెంట తెచ్చుకున్నారని కార్యదర్శి గారు చెప్పారు. షెడ్యూలు పేజీ, సాక్షుల పేజీ తీసి పెట్టుకోండి, ఒక్కొక్కటే చూద్దాం.