నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు

యాంకర్: అన్నా, మల్టీకాస్ట్ అనగానే చాలామందికి టెన్షన్. మొన్న మీరు చెప్పిన క్యాంపస్ కెమెరాల సంగతితోనే మొదలుపెడదాం.

అతిథి: సరేనమ్మా. 40 కెమెరాలు, కంట్రోల్ రూమ్‌లో గోడ నిండా స్క్రీన్లు. మల్టీకాస్ట్ అంటే ఇదే: కెమెరా ఒక్కసారే పంపుతుంది, చూసేవాళ్లు ఎంతమంది ఉన్నా కాపీలు తీసి ఇచ్చేది స్విచ్చే. ప్లేయర్ తెరిస్తే బొమ్మ వస్తోంది. నాలుగు నిమిషాలు దాటాక ఆగిపోతోంది. మూసి తెరిస్తే మళ్లీ వస్తోంది. అక్కడి కుర్రాడు రాత్రంతా అదే పని, పాపం.

యాంకర్: సరిగ్గా నాలుగు నిమిషాలకేనా?

అతిథి: ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. 260 సెకన్లు. ఆ అంకె చూడగానే దొంగ దొరికాడు. ఒక్కో కెమెరా వీడియోకి ఒక గ్రూప్ అడ్రస్ ఉంటుంది. ప్లేయర్ తెరవగానే పీసీ ‘ఈ గ్రూప్ నాకు కావాలి’ అని ఐజీఎంపీ జాయిన్ పంపుతుంది. గ్రూపులో చేరడానికి వాడే భాషే ఐజీఎంపీ. స్విచ్‌లో ఈ మాటల్ని చాటుగా వినే స్నూపింగ్ ఉంటుంది, అది విని, ఆ పోర్టును రాసుకుంటుంది. తర్వాత ‘ఇంకా కావాలా?’ అని 125 సెకన్లకోసారి అడిగేవాళ్లు ఒకరుండాలి. అదే క్వెరియర్. అడిగితేనే పీసీ మళ్లీ పలుకుతుంది. రెండు 125లు, జవాబు కోసం ఇంకో పది, మొత్తం 260. ఆ వీల్యాన్‌లో, అంటే స్విచ్‌లో విడిగా పెట్టిన ఆ నెట్‌వర్క్ ముక్కలో, క్వెరియరే లేదు. ఎవరూ అడగలేదు, పీసీ పలకలేదు, స్విచ్ పోర్టును కొట్టేసింది.

యాంకర్: స్నూపింగ్ తీసేస్తే పోతుందిగా అంటారు చాలామంది.

అతిథి: వినేవాళ్లందరికీ చెప్తున్నా, దయచేసి తీసేయకండి. కెమెరాకి 4 ఎంబీపీఎస్ అనుకున్నా 40 కలిపితే 160. అదంతా అన్ని పోర్టులకీ పోతుంది. 100 ఎంబీపీఎస్ పోర్టు మీద ఉన్న హాజరు మెషీన్‌కి ఇక ఊపిరాడదు. మేం ఆ వీల్యాన్‌కి క్వెరియర్ పెట్టాం, బొమ్మ నిలబడింది.

యాంకర్: కెమెరాలు ఒక వీల్యాన్‌లో, చూసేవాళ్లు ఇంకో వీల్యాన్‌లో ఉంటే?

అతిథి: అప్పుడు రూటింగ్ కావాలి. సిస్కో స్విచ్ అయితే ముందు ఐపీ మల్టీకాస్ట్ రూటింగ్ ఆన్ చేయాలి. తర్వాత రెండు వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌ల మీదా, మధ్యలో ఉన్న లింకుల మీదా పిమ్ స్పార్స్ మోడ్. పిమ్ అంటే మల్టీకాస్ట్ ఏ దారిన పోవాలో రూటర్లు మాట్లాడుకునే ప్రోటోకాల్, స్పార్స్ అంటే అడిగినచోటికే పంపడం. పిమ్ పెడితే ఐజీఎంపీ దానంతటదే లేస్తుంది, క్వెరియర్ కూడా వచ్చేస్తుంది. ఇక ఆర్‌పీ. పంపేవాడూ అడిగేవాడూ కలుసుకునే చోటు అది. కోర్ స్విచ్ లూప్‌బ్యాక్‌ను, అంటే ఏ కేబుల్‌కీ ముడిపడని దాని లోపలి ఇంటర్‌ఫేస్‌ను, ఆర్‌పీగా పెట్టి, పిమ్ ఉన్న ప్రతి స్విచ్‌లోనూ అదే అడ్రస్ రాయాలి.

యాంకర్: అయినా బొమ్మ రాకపోతే?

అతిథి: చూసేవాళ్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలమ్మా. అందరూ కెమెరా దగ్గర మొదలుపెడతారు, అక్కడే టైమ్ పోతుంది. స్విచ్‌లో మల్టీకాస్ట్ దారుల పట్టిక చూపే షో ఐపీ ఎమ్‌రూట్ కమాండ్ కొట్టు. స్టార్ కామా జీ, అంటే ‘ఎవరు పంపినా సరే, ఈ గ్రూప్’ అన్న వరుస ఉంటే ఎవరో అడిగారని అర్థం. ఎస్ కామా జీ, అంటే ‘ఈ కెమెరా, ఈ గ్రూప్’ అన్న వరుస లేదంటే కెమెరా ప్యాకెట్ ఇక్కడిదాకా రాలేదు. ఎస్ కామా జీ ఉండి, ఇన్‌కమింగ్ ఇంటర్‌ఫేస్ దగ్గర నల్, అంటే ఖాళీ, కనిపిస్తే ఆర్‌పీఎఫ్ చూడు. ప్యాకెట్ సరైన దారినే వచ్చిందా అని రూటర్ వెనక్కి చూసుకునే తనిఖీ అది. కెమెరా వైపు తిరిగి వెళ్లే రూట్ లేకపోయినా, ఆ దారిలో పిమ్ లేకపోయినా అలా అవుతుంది. ఇవేవీ కాకపోతే టీటీఎల్, అంటే ప్యాకెట్ ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే అంకె. కొన్ని ఎన్‌కోడర్లు 1 పెట్టి పంపుతాయి, మొదటి రూటర్ దగ్గరే ప్యాకెట్ ఆయువు తీరిపోతుంది. దాని కోసం ఒక ఆదివారం మొత్తం కూర్చున్నాను.

యాంకర్: గ్రూప్ అడ్రస్‌లు ఎలా ఎంచుకున్నారు?

అతిథి: 239తో మొదలయ్యేవి సంస్థ లోపల వాడుకోవడానికే ఉన్నాయి. అయితే 239.0.0.5 లాంటివి వద్దు. స్విచ్ చూసే మ్యాక్ అడ్రస్‌లోకి గ్రూప్ అడ్రస్‌లోని కింది 23 బిట్లే వెళ్తాయి. అందుకని దీని మ్యాక్, రూటర్లు దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ వాడే 224.0.0.5 మ్యాక్ ఒకటే అవుతాయి. ఆ మ్యాక్‌కి వచ్చినదాన్ని చాలా స్విచ్‌లు స్నూపింగ్ చూడకుండా అన్ని పోర్టులకీ వదిలేస్తాయి. మేం 239.10.1.1 నుంచి కెమెరాకి ఒకటి చొప్పున ఇచ్చుకుంటూ వచ్చాం. ఆ చిట్టా ఇప్పటికీ కంట్రోల్ రూమ్ తలుపు వెనక అంటించే ఉంది.