సోఫా మోసిన వాచ్‌మన్: మెదడు కణితిలో రక్షక కణాలు

నమస్తే. కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ నుంచే రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో కుక్కర్ విజిల్ వస్తే సర్దుకోండి.

పోయిన క్లాసులో ఒకబ్బాయి అడిగాడు: "మేడమ్, మెదడులో కణితి పెరుగుతుంటే మన రక్షక కణాలు ఏం చేస్తున్నట్టు?" అవి అక్కడిదాకా పోలేవని చాలామంది అనుకుంటారు. కానీ గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ కణితి ముక్క తీసి చూస్తే, కొన్నిటిలో మూడో వంతు నుంచి సగం దాకా రక్షక కణాలే!

ఎడమ పక్క బొమ్మ చూడండి. ఇది మైక్రోగ్లియా, మెదడులోనే కాపురముండే కాపలా కణం. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో హోర్టెగా దీన్ని విడిగా గుర్తించాడు. చిన్న ఒళ్లు, చుట్టూ సన్నటి కొమ్మలు. ఆ కొమ్మలు ఊరికే ఉండవు. చాస్తూ, ముడుస్తూ చుట్టుపక్కలంతా తడుముతూనే ఉంటాయి. ఇప్పుడు కుడి పక్కకి రండి. ఇది కణితి లోపలి మైక్రోగ్లియా. కొమ్మలు పొట్టివయ్యాయి, ఒళ్లు ఉబ్బింది.

ఏం జరిగింది? మా అపార్ట్‌మెంట్‌కి దొంగ వచ్చాడనుకోండి. వాచ్‌మన్ మీద చెయ్యి చేసుకోలేదు. "అన్నా, ఈ సోఫా కొంచెం పట్టు" అన్నాడు, మనవాడు పట్టాడు. అంతే.

కణితి సీఎస్ఎఫ్-1 అనే ప్రోటీన్ వదిలి వీటిని పిలుస్తుంది. రక్తంలోంచి వచ్చిన మోనోసైట్లు అనే తెల్ల కణాలు కూడా అక్కడ మాక్రోఫేజ్‌లుగా, అంటే చెత్తను మింగే రక్షక కణాలుగా మారి చేరతాయి. కణితి టీజీఎఫ్-బీటా అనే ఇంకో ప్రోటీన్‌తో వీటి పౌరుషం చల్లారుస్తుంది. ఆపైన మైక్రోగ్లియా వదిలే ఎంజైములు కణాల మధ్య ఉండే అల్లికను కోసేస్తాయి. ఆ సందుల్లోంచి కణితి పక్కకి పాకుతుంది. సోఫా మోయడమంటే ఇదే.

మరి పోలీసుల్లాంటి టీ కణాలు? వచ్చేవే కొద్ది, వచ్చినవీ అలసిపోతాయి. కణితి మీదున్న పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ వాటి చెయ్యి పట్టి ఆపేస్తుంది. ఆ పట్టు విడిపించే నివోలుమాబ్ అనే మందు చర్మ క్యాన్సర్ మెలనోమాలో బాగా పనిచేసింది. తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాలో మాత్రం 369 మందితో చేసిన పరీక్షలో, బెవాసిజుమాబ్ అనే ఇంకో మందు కన్నా ఆయుష్షు పెంచలేకపోయింది. మెదడు వాపు తగ్గడానికిచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా టీ కణాలను నీరుగారుస్తుంది. ఇది విని ఇంట్లో పేషెంట్‌కి ఆ మాత్ర మీరే ఆపేయకండి, వాపు ప్రాణం మీదికి తెస్తుంది.

సీఎస్ఎఫ్-1 పిలుపునే అడ్డుకుంటే? ఎలుకల్లో చేసి చూశారు. మాక్రోఫేజ్‌లు చావలేదు, పక్షం మార్చాయి. కణితులు కుంచించుకుపోయాయి. కొన్నాళ్లకు సగానికి పైగా ఎలుకల్లో మళ్లీ పెరిగాయి. ఈసారి అవే మాక్రోఫేజ్‌లు ఐజీఎఫ్-1 అనే ఇంకో ప్రోటీన్ అందించడం మొదలుపెట్టాయి.