స్కాన్ చూసేది వేరు, స్కోపు చూసేది వేరు

శ్రోతలకు నమస్కారం. కడుపులో క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టుకుని వైద్యం చేయించుకున్నవారికీ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ ఈ ప్రసంగం. "సీటీ స్కాన్ తీయించాం, ఏమీ లేదన్నారు. మళ్లీ ఆ గొట్టం మింగడం ఎందుకండీ?" అని అడుగుతుంటారు. గొట్టం అంటే ఎండోస్కోపీ, నోటి గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం దింపి కడుపు లోపల నేరుగా చూసే పరీక్ష. దాన్నే స్కోపు అంటాం. జవాబు వివరంగా చెప్పాలి.

జీర్ణాశయం గోడలో అన్నిటికన్నా లోపలున్న జిగురు పొర, దాని కిందనున్న పొర, ఈ రెండు దాటని క్యాన్సర్‌నే తొలిదశ అంటాం. అది చాలాసార్లు చదునుగా, కాస్త ఎర్రగానో పాలిపోయో కనిపించే చిన్న మచ్చ. ఆ రంగు తేడా సీటీకి అందదు. సీటీ చూపేది గోడ మందం, లింఫ్ గ్రంథులు, కాలేయం, ఊపిరితిత్తులు. ఖరీదైన పెట్ స్కానూ చిన్న మచ్చలకు నమ్మదగింది కాదు. క్యాన్సర్ గ్లూకోజ్‌ను పీల్చుకునే తీరును బట్టే పెట్ దాన్ని పట్టుకుంటుంది. సిగ్నెట్ రింగ్ అనే రకం క్యాన్సర్ అయితే గ్లూకోజ్‌ను సరిగా పీల్చదు, పెట్‌లో తప్పిపోతుంది.

ఎండోస్కోపీ ద్వారానే మచ్చను ఒలిచి తీసేసినవారికి కడుపు మొత్తం మిగిలే ఉంటుంది. క్యాన్సర్ పుట్టిన ఆ పాడైన పొరే మిగతా చోట్లా ఉంది కనుక కొత్త మచ్చ ఇంకోచోట రావచ్చు. అందుకే సాధారణంగా మొదటి ఏడాది 6 నెలలకోసారి, తర్వాత ఏటా స్కోపు వేస్తారు. కడుపు పొరను పాడుచేసే హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవికి మందులు వాడినవారు అది పోయిందో లేదో తేల్చుకోవాలి. యాంటీబయాటిక్స్ ముగిసి 4 వారాలు, పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్లలు ఆపి 2 వారాలు గడవకుండా ఆ పరీక్ష చేస్తే, సూక్ష్మజీవి ఉన్నా లేదని రావచ్చు.

ఆపరేషన్‌లో కొంత కడుపు తీసేసినవారి సంగతి వేరు. లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ కనిపించి ఉంటే తొలి 2 ఏళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన 5 ఏళ్ల దాకా ఏటా సీటీ తీస్తారు. గ్రంథులు శుభ్రంగా ఉంటే అన్నిసార్లు అక్కర్లేకపోవచ్చు. డాక్టర్ అడగకుండా మీ అంతట మీరు తీయించుకోవద్దు, ప్రతి సీటీతోనూ ఒంట్లోకి కొంత రేడియేషన్ పోతుంది. కుట్లు వేసి కలిపినచోట గోడ ముడుచుకుని సీటీలో గడ్డలా అనిపించడం మామూలే. గాబరాపడకండి. పాత సీటీ పక్కన పెట్టి చూస్తే, అవసరమైతే స్కోపు వేస్తే తేలిపోతుంది. అందుకని రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బొమ్మలున్న సీడీ, బయాప్సీ (ముక్క తీసి చేసిన పరీక్ష) రిపోర్టు కూడా ఫైల్లో ఉండాలి. ఒంగోలులో ఒకసారి, చెన్నైలో ఒకసారి చూపించుకునేవారికి ఇది మరీ ముఖ్యం.

ఇక తయారీ. సీటీలో రంగు మందు చేతి నరంలోకి ఎక్కిస్తారు. ఒళ్లంతా వెచ్చగా, నోట్లో ఇనుము రుచిలా ఒక్క నిమిషం ఉంటుంది, భయం లేదు. ఆ మందు కిడ్నీల గుండానే బయటికి పోవాలి. కనిగిరి ప్రాంతంలో కిడ్నీ జబ్బుల బాధ తెలిసిందే కదా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించకుండా స్కాన్ గదిలోకి వెళ్లొద్దు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి. కిడ్నీలు బలహీనంగా ఉంటే 48 గంటలు ఆపమంటారు.

స్కోపుకు 8 గంటలు ఏమీ తినకూడదు. కడుపు కొంత తీసేసినవారికి అదీ చాలదు. అరుగుదల మందగించి ముందురోజు మెతుకులు అలాగే మిగిలి మచ్చలను కప్పేస్తాయి, మరోరోజు రమ్మంటారు. అందుకే వాళ్లు ముందురోజు అన్నం, చేపల పులుసు మాని పలుచని గంజి, వడకట్టిన రసంతో సరిపెట్టుకోవాలి. నెల్లూరులో తెల్లవారుజామున రైలెక్కి చెన్నై వెళ్లేవారు దారిలో రెండు ఇడ్లీలు తిన్నా ఆ రోజు ప్రయాణం వృథానే. షుగర్ ఉన్నవారు ఉదయం మొదటి వరస అడగండి. ఆ పూట ఇన్సులిన్ ఎంతో డాక్టర్‌నే అడిగి తెలుసుకోండి. రక్తం పలుచబడే మందులు సొంతంగా ఆపొద్దు.

తర్వాతి తేదీ దూరంగా ఉన్నా నల్లటి మలం, ఆగని వాంతులు, మింగలేకపోవడం, బరువు తగ్గడం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఐరన్ బిళ్లలతో కూడా మలం నల్లబడుతుంది, వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి.