పొగ గొట్టంలో ప్లాటినం

శ్రోతలందరికీ నమస్కారమండీ. గాలి శుభ్రం చేయడం అనగానే మనకి ఫిల్టరే గుర్తొస్తుంది, దుమ్ము పట్టుకుని ఆపుతుంది, నిండిపోతే తీసి పారేస్తాం. కానీ కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషపు గ్యాస్‌ని అలా ఆపడం కుదరదు, గాలితో పాటే జారిపోతుంది. అందుకే దాన్ని పట్టుకోరు, ఇంకోదానిగా మార్చేస్తారు. ఆ పని చేసేదే క్యాటలిస్ట్, స్కూల్లో చదువుకున్నామే, ఉత్ప్రేరకం, అదే.

పెట్రోల్ కారులో ఇంజన్‌ నుంచి పొగ బయటికెళ్ళే దారిలో ఒక స్టీలు డబ్బా ఉంటుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ అని. దాన్ని అడ్డంగా కోస్తే లోపల సిరామిక్ దిమ్మ, దాని నిండా ఈ చివర్నుంచి ఆ చివరికి సన్నటి చదరపు గొట్టాలు, చదరపు అంగుళానికి సుమారు 400. వాటి గోడలకి అల్యూమినా పూత, ఆ పూతలో కంటికి ఆనని ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే లోహాల రేణువులు. అన్నీ కలిపినా కొన్ని గ్రాములే! పనంతా పైపైనే జరుగుతుంది కాబట్టి అది చాలు. ఆక్సిజన్ అణువు ప్లాటినం మీద వాలి రెండుగా చీలుతుంది, పక్కనున్న కార్బన్ మోనాక్సైడ్ అందులో ఒక ముక్క అందుకుని కార్బన్ డయాక్సైడై ఎగిరిపోతుంది, ఆ చోటు మళ్ళీ ఖాళీ, ప్లాటినం మాత్రం ఖర్చవదు. ఇలా ఉపరితలాల మీద జరిగే చర్యల్ని విడమర్చి చెప్పినందుకే జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్టల్‌కి 2007లో నోబెల్ వచ్చింది.

మరి ఇంజన్ చల్లగా ఉంటే? అక్కడే తంటా. ప్లాటినం అంతా కార్బన్ మోనాక్సైడే ఆక్రమించి కూర్చుంటుంది, ఆక్సిజన్‌కి చోటు దొరకదు, వేడి 250, 300 డిగ్రీల దాకా ఎక్కితేగానీ కదలదు. అందాకా వచ్చిన పొగ దాదాపు అలాగే బయటికి పోతుంది, అందుకని రెండు వీధుల అవతలికి కారు తీయడం నా లెక్కలో మహా దండగ.

ఈ కన్వర్టర్‌కి బద్ధశత్రువు సీసం. అమెరికాలో స్థిరపడిన ఫ్రెంచ్ ఇంజనీర్ యూజీన్ హౌడ్రీ 1950ల్లోనే కార్ల కోసం కన్వర్టర్ తయారుచేశాడు గానీ అప్పటి పెట్రోల్‌లో కలిపే సీసం ఆ లోహాల మీద పేరుకుని పనికిరాకుండా చేసేది. 1975 మోడల్ కార్లతో అమెరికాలో కన్వర్టర్లు మామూలయ్యాయి, వాటికోసం సీసం లేని పెట్రోల్ బంకులకి రావాల్సొచ్చింది. పొగ కోసం పెట్టిన డబ్బా సీసాన్ని కూడా తరిమేసిందన్నమాట, నన్నడిగితే దాని అసలు ఘనత ఇదే. కార్లకి సీసం పెట్రోల్ అమ్మకం ప్రపంచమంతా ఆగింది మాత్రం 2021లో.

గాలి శుభ్రం చేసే క్యాటలిస్ట్ ఇంకోటి టైటానియం డయాక్సైడ్, తెల్ల పెయింట్‌లో ఉండే పొడే. అల్ట్రావయొలెట్ వెలుతురు పడితే ఇదీ క్యాటలిస్టే, గోడలకి పూస్తే బండ్ల పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లని నైట్రేట్‌గా మారుస్తుంది, వానకి కడుక్కుపోతుంది. వినడానికి బానే ఉంది, కానీ గోడని తాకిన గాలికే ఆ భాగ్యం, వీధిలో గాలంతా గోడని తాకుతుందా చెప్పండి. ఇళ్ళల్లో పెట్టే ఫోటోక్యాటలిటిక్, అంటే ఇలా వెలుతురుతో పనిచేసే క్యాటలిస్ట్ ఉన్న ప్యూరిఫయర్లలో అయితే చర్య సగంలో ఆగి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన గ్యాస్ పుట్టే అవకాశం ఉంది, కాబట్టి అలాంటిది కొనేటప్పుడు బయటికొచ్చే గాలిలో ఫార్మాల్డిహైడ్ టెస్ట్ చేశారా అని అడిగి, ఆ రిపోర్ట్ చూపిస్తేనే డబ్బులు తీయండి.