కిరాయి ఇంట్లో చావు వస్తే ఆ ఇల్లు ఎవరిది?

(హనుమకొండ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: సివిల్ కేసులు చూసే న్యాయవాది, కాలనీల్లో కిరాయిదారుల సమస్యల మీద పనిచేసే కార్యకర్త, నయీంనగర్‌లో నాలుగు వాటాలు కిరాయికి ఇచ్చిన రిటైర్డ్ టీచర్.)

వ్యాఖ్యాత: నమస్కారం. యూనివర్సిటీ పిల్లలు, ఎంజీఎంలో పనిచేసే నర్సులు, కాజీపేట రైల్వే ఉద్యోగులు, పిల్లల చదువు కోసం పల్లె విడిచి వచ్చిన కుటుంబాలు... మన దగ్గర ఏ గల్లీలో చూసినా కిరాయికి ఉండేవాళ్లు కనిపిస్తారు. ఈ రోజు వాళ్ల గురించే మాట్లాడుకుందాం. కాజీపేట నుంచి ఒకరు ఇప్పటికే లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో: నమస్తే మేడం. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఒక్క నెల కూడా కిరాయి ఆపలేదు. కొడుకు పెళ్లి ఉందని, ఆదివారం కల్లా ఖాళీ చేయమని ఓనర్ అంటున్నారు. ఇల్లు దొరకలేదంటే నిన్నటి నుంచి నీళ్ల మోటార్ బంద్ చేశారు. కాగితం ఏమీ రాసుకోలేదు. పోవాల్సిందేనా?

న్యాయవాది: ఆదివారానికి పోవాల్సిన పని లేదమ్మా. కాగితం లేకపోయినా నెలనెలా కిరాయి తీసుకున్నారు కాబట్టి మీరు చట్టం దృష్టిలో కిరాయిదారే. వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం ఓనర్ 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ గడువు అయిపోయినా తనే వచ్చి సామాను బయట పెట్టడానికి వీల్లేదు, కోర్టుకు పోయి ఉత్తర్వు తెచ్చుకోవాలి. తాళం వేసి మిమ్మల్ని వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరి పేరు మీద ఉందన్న ప్రశ్నే రాదు. నీళ్ల సంగతి కూడా అంతే. మోటార్ ఆపినట్టు వీడియో తీసుకోండి, ఓనర్‌కు వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. కోర్టు దాకా వెళ్తే అవే సాక్ష్యం.

కార్యకర్త: చెల్లీ, నేనొక మాట చెప్తా. పదిహేను రోజుల్లో ఇల్లు దొరకడం కష్టమని నాకు తెలుసు. రెండు నెలల టైం అడిగి, ఫలానా తారీఖు ఖాళీ చేస్తామని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. కొడుకు పెళ్లి అంటున్నారు కదా, నిజంగానే వాళ్లకు ఇల్లు అవసరం ఉండొచ్చు. తారీఖు రాసిస్తే చాలామంది ఓనర్లు మెత్తబడతారు.

వ్యాఖ్యాత: సార్, మీరు ఇంటి యజమాని. మీకేమనిపిస్తోంది?

ఇంటి యజమాని: మోటార్ ఆపడం తప్పే. కానీ మా భయం కూడా వినండి. రిటైరైనప్పుడు వచ్చిన పైసలన్నీ ఆ ఇంట్లో పెట్టాను. ఎవరైనా కిరాయి ఆపి కూర్చుంటే కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఈ వయసులో నాకు లేదు. అందుకే మేం పదకొండు నెలలకే రాస్తాం, ఎక్కువ రాయం.

న్యాయవాది: పదకొండు నెలలు రాయడానికి కారణం వేరే ఉంది సార్. ఏడాదికి మించిన లీజు అయితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పకుండా రిజిస్టర్ చేయాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలు రాస్తున్నారు. నోటరీ చేయించాం కదా అని మూడేళ్ల అగ్రిమెంట్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. నోటరీ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. రిజిస్టర్ కాని మూడేళ్ల కాగితం చూపించి అందులోని షరతులను కోర్టులో నిరూపించుకోలేరు.

వ్యాఖ్యాత: మనకు రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా?

న్యాయవాది: ఉంది, 1960 నాటిది. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు, మిగతా చోట్ల 2,000 దాటిన ఇళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఈ రోజుల్లో హనుమకొండలో ఆ కిరాయికి ఏం దొరుకుతుంది? కాబట్టి ఎక్కువ మంది విషయం ఆస్తి బదిలీ చట్టం కిందికి, సివిల్ కోర్టుకు వస్తుంది. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తెచ్చింది. అందులో ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల కిరాయి మించకూడదని ఉంది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

వ్యాఖ్యాత: అడ్వాన్సు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఖాళీ చేసేటప్పుడు సున్నానికని ఒక నెల కిరాయి పట్టుకుంటారు. ఇది సరైనదేనా?

న్యాయవాది: ముందే రాసుకుంటే ఒప్పందం ప్రకారం పోవాలి. రాసుకోకపోతే, మామూలుగా వాడటం వల్ల వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 చెబుతోంది. గోడ రంగు వెలిసింది అంటే అరుగుదల. తలుపు విరగ్గొట్టారు అంటే నష్టం. ఇంట్లో దిగిన రోజే ప్రతి అర్ర, బాత్‌రూమ్ కుళాయిలతో సహా, ఫోన్‌లో వీడియో తీసి ఓనర్‌కు పంపండి. కిరాయి ఫోన్‌పే చేసేటప్పుడు 'జూన్ కిరాయి' అని రాయండి. చేతికి ఇస్తే రసీదు అడగండి.

కార్యకర్త: కరెంటు గురించి కూడా చెప్పాలి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు 2024 మార్చి బిల్లుల నుంచి వస్తోంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కిరాయిదారులకు కూడా అది వర్తిస్తుంది. కానీ మన దగ్గర నాలుగు వాటాలకు ఒకే మీటరు ఉంటుంది, లోపల సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తారు. అక్కడ పేదవాళ్లకు రావాల్సింది రాకుండా పోతోంది. సార్, మీరు ఏమీ అనుకోకపోతే, వాటాకు ఒక మీటరు పెట్టించండి.

ఇంటి యజమాని: మా ఇంట్లో నాలుగుకు నాలుగు మీటర్లు ఉన్నాయమ్మా. ఎవరి బిల్లు వాళ్లదే.

వ్యాఖ్యాత: ఇప్పుడు అసలు ఇల్లు ఇవ్వకపోవడం గురించి. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ఎంతమంది అని అడిగేలోపే 'మీరేమిటోళ్లు' అని కులం అడుగుతారు.

న్యాయవాది: దీని మీద ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మతం చూసి, పెళ్లి కాలేదని, మాంసం తింటారని ఇల్లు ఇవ్వని ఓనర్‌ను నేరుగా పట్టుకునే సాధారణ చట్టం మనకు లేదు. ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఏమీ లేదనుకోవద్దు. అంటరానితనం పేరుతో ఒక మనిషిని ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో నివాసం ఉండకుండా అడ్డుకుంటే 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 ప్రకారం అది నేరం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఇల్లు కిరాయికి ఇవ్వకుండా వివక్ష చూపకూడదని 2019 చట్టం చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల విషయంలో 2017 చట్టం ఇదే మాట చెబుతోంది. 'మీ కులానికి ఇవ్వం' అని మెసేజ్ వస్తే దాన్ని డిలీట్ చేయకండి.

కార్యకర్త: అక్కా, నేను ఈ రోజు ఇక్కడికి వచ్చిందే ఇంకో విషయం చెప్పడానికి. హాస్పిటల్‌లో ప్రాణం పోతుంది. అంబులెన్స్ గల్లీలోకి వస్తుంది. గేటుకు తాళం. శవాన్ని లోపలికి తేవద్దంటారు. రోడ్డు పక్కన టెంట్ వేసి, వాన పడితే ప్లాస్టిక్ కవర్ కప్పి, ఆ ఇంటి ఆడవాళ్లు అక్కడే కూర్చుని ఏడుస్తారు. కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి ఈ వార్తలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. కొన ఊపిరితో ఉన్న మనిషిని కూడా బయటికి మోసుకుపోవాల్సి వస్తోంది. ఆ తర్వాత దినాలు అయ్యేదాకా ఆ కుటుంబం ఎక్కడ ఉండాలి? పదేళ్లు కిరాయి కట్టిన ఇంట్లో నాన్న శవానికి గంటసేపు చోటు లేదంటే ఆ పిల్లలు జీవితాంతం మర్చిపోతారా? బాలింతలదీ ఇదే కథ. పురుడు వేరే చోట పోసుకుని ఇరవై ఒక్క రోజుల తర్వాత రమ్మంటారు.

వ్యాఖ్యాత: సార్...

ఇంటి యజమాని: నమ్మకం అమ్మా. ధనిష్ఠ పంచకంలో, అంటే మంచివి కాదనుకునే ఆ ఐదు నక్షత్రాల్లో, ఎవరైనా పోతే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలని పంతులు చెబుతాడు. మూసేస్తే ఆ ఆరు నెలల కిరాయి పోతుంది. పై వాటా వాళ్లు భయపడి ఖాళీ చేస్తారు. ఆ కిరాయి మీదే బతికే ముసలివాళ్లు ఉన్నారు మా లైన్‌లో.

కార్యకర్త: మీ సొంతింట్లో ఎవరూ పోలేదా సార్?

ఇంటి యజమాని: మా నాన్న ఆ ఇంట్లోనే పోయారు. పదకొండు రోజులూ అక్కడే చేశాం.

కార్యకర్త: ఇల్లు మూశారా?

ఇంటి యజమాని: లేదు. కింది గదిలో దీపం పెట్టుకుని అక్కడే ఉన్నాం.

కార్యకర్త: కిరాయి ఇంట్లో పోయిన నాన్నకు కూడా అదే దీపం కావాలి సార్. ఇంకేమీ అడగట్లేదు.

న్యాయవాది: చట్టం వైపు నుంచి చూద్దాం. రెంట్ కంట్రోల్ చట్టంలో ఖాళీ చేయించడానికి సెక్షన్ 10లో కారణాలు రాశారు. కావాలని కిరాయి ఎగ్గొట్టడం, వేరేవాళ్లకు ఇచ్చేయడం, ఇల్లు పాడుచేయడం, ఓనర్‌కు నిజమైన అవసరం ఉండటం, ఇలా. అందులో చావు లేదు, పురుడు లేదు. పైగా కిరాయిదారు చనిపోతే అతనితో కలిసి ఉంటున్న భార్య, పిల్లలు కూడా ఆ చట్టం కింద కిరాయిదారులే. ఆ చట్టం వర్తించని ఇళ్లలోనూ, కిరాయి కడుతున్నంత కాలం ఆటంకం లేకుండా అనుభవించే హక్కు వాళ్లదేనని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 చెబుతోంది. గేటుకు తాళం వేసి కాపురమున్న కుటుంబాన్ని ఆపితే అక్రమంగా అడ్డగించడమే. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 126. కానీ శవం గేటు దగ్గర ఉన్నప్పుడు ఎవరూ సెక్షన్లు చదవరు. అందుకే అగ్రిమెంట్‌లో ముందే ఈ మాట రాయించుకోండి: "కిరాయి కాలంలో ఈ ఇంటివారిలో ఎవరైనా మరణిస్తే దేహాన్ని ఆవరణలో ఉంచుకోవడానికి, దినాలు పూర్తయ్యేవరకు కుటుంబం ఇక్కడే ఉండడానికి, ప్రసవం తర్వాత బాలింత, బిడ్డ ఇక్కడే ఉండడానికి యజమానికి అభ్యంతరం లేదు."

ఇంటి యజమాని: శుద్ధి, సున్నం ఖర్చు ఎవరిది?

న్యాయవాది: అది కూడా రాసుకోండి. కిరాయిదారే పెట్టుకుంటాడని రాసినా ఎవరూ కాదనరు.

ఇంటి యజమాని: అలా అయితే నా కాగితంలో రాస్తాను. పై వాటా వాళ్లకు కూడా ముందే చెబుతాను.

వ్యాఖ్యాత: హంటర్ రోడ్డు నుంచి ఇంకొకరు లైన్‌లో ఉన్నారు.

ఫోన్‌లో: మేడం, మా నాన్న ఎంజీఎంలో ఉన్నాడు. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఓనర్ నిన్ననే వచ్చి, ఏమన్నా అయితే ఊరికి తీసుకుపోండి, ఇక్కడ వద్దు అన్నాడు. మాకు ఊర్లో ఇల్లు కూలిపోయింది. ఎక్కడికి తీసుకుపోవాలి?

కార్యకర్త: తమ్ముడూ, మీ ఇంటికే తీసుకుపో. నంబర్ మా స్టూడియో వాళ్లకు ఇవ్వు. కార్యక్రమం అయిపోగానే మేం ఇద్దరం, ఒప్పుకుంటే సార్ కూడా, మీ ఓనర్‌తో మాట్లాడటానికి వస్తాం.

ఇంటి యజమాని: వస్తాను. నేనే మాట్లాడతాను, ఓనర్ మాట ఓనర్ వింటాడు.

న్యాయవాది: ఆలోగా ఈ ఏడాది కిరాయి కట్టిన మెసేజ్‌లన్నీ ఫోన్‌లో ఒక చోట పెట్టుకో బాబూ. గేటు దగ్గర ఎవరైనా ఆపితే పోలీసులకు, 112కు ఫోన్ చెయ్యి. ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది. అమ్మ ఉంది కదా? ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ లాయర్‌ను ఇస్తుంది. దరఖాస్తు అమ్మ పేరు మీద పెట్టు.